చప్పుడు చెయ్యని ఇంజను ముచ్చట

నెగడు కాడికి జర జరిగి కూసోండ్రి. చౌమహల్లా ప్యాలెసుకు పోయొచ్చిన కాన్నుంచి మీ ఇద్దరి నోట్ల ఆ పసుపుపచ్చ కారు ముచ్చటే ఉన్నది. ఎన్క ఎత్తుగ సింహాసనం ఉన్నదనుడు, నిజాం సర్కారు దాంట్ల ఎట్ల కూసుంటుండెనో అనుడు. అవన్ని మంచిగనే జూసిండ్రు. గని బానెట్ కింద ఏమున్నదో ఒక్కలు అడగలే. నా జిందగంత ఇంజన్ల కాడనే పోయింది గన్క నాకు కారంటే బానెట్ కిందిదే. ఆ ముచ్చట చెప్త, ఇనుండ్రి.

అది రోల్స్ రాయిస్ కారు. కంపెనీ పెట్టుకున్న పేరు 40/50. జనం పిలిచేది సిల్వర్ ఘోస్ట్. ఆరో నిజాం మహబూబ్ అలీ పాషా 1911ల దానికి ఆర్డరిచ్చిండు. కారు రాకముందే, అదే ఏడాది ఆగస్టుల ఆయన కాలం జేసిండు. కారొచ్చేటాళ్లకు గద్దె మీద కొడుకు ఉస్మాన్ అలీ ఖాన్ ఉన్నడు. తండ్రి కోరి చేయించుకున్నది కొడుకు చేతికొచ్చింది.

మీరు తెల్సుకోవాల్సింది ఇంకొకటున్నది. అప్పట్ల రోల్స్ రాయిసోళ్లు కారంత చేసి ఇయ్యకపోతుండిరి. ఇంజను, గేర్ బాక్సు, ఛాసిస్, రేడియేటరు, ఇంతవరకే వాళ్ల పని. దాని మీద బాడీ కట్టేది వేరేటోళ్లు. ఒకప్పుడు గుర్రపు బగ్గీలు కట్టిన కార్ఖానాలే తర్వాత కార్ల బాడీలు కట్టినయి. మన నిజాం కారుకు బాడీ కట్టింది లండన్ల బార్కర్ కంపెనీ. ఆ సింహాసనం, ఆ రంగు, ఆ మెరుపులు అన్నీ బార్కరోళ్ల చేతి పని. ఇంజను మాత్రం ఇంగ్లండుల ఒక డాక్టరు కొనుక్కున్న కార్ల ఏదున్నదో అదే. నవాబుకొకటి, మామూలు ఆసామికొకటి అని వాళ్లు ఇంజన్ల తేడా చెయ్యలే. నాకు ఆ కంపెనీ మీద ఇజ్జత్ పెరిగింది గా ముచ్చట తెల్సినప్పుడే.

చేసిన మనిషి ఎవరంటరా? హెన్రీ రాయిస్. 1863ల పుట్టిండు. తండ్రికి పిండిమర ఉండె, అది దివాలా తీసింది. పోరడికి తొమ్మిదేండ్లప్పుడు తండ్రి పోయిండు. పేపర్లు అమ్మిండు, టెలిగ్రాములు ఇంటింటికి తిరిగి పంచిండు. మేనత్త పైసలు కడితె పీటర్‌బరో రైల్వే కార్ఖానల పని నేర్వ చేరిండు. మూడేండ్లయినంక ఆమె కాడ పైసలు అయిపోతె అదీ నడుమ ఆగింది. పెద్ద సదువుల్లేవు. చేతిల పని ఉండె, పట్టుదల ఉండె.

మాంచెస్టర్ల కరెంటు సామాన్ల కార్ఖానా పెట్టుకొని నిలదొక్కుకున్నంక, డెకావిల్ అని ఒక పాత ఫ్రెంచి కారు కొన్నడు. ఆ చప్పుడు, ఆ కుదుపు ఆయనకు నచ్చలే. విప్పిండు. ఒక్కొక్క సామాను జూసిండు, దీన్ని ఇంతకంటె మంచిగ ఎట్ల చెయ్యొచ్చని. 1904ల సొంత కారు తోలిండు, రెండు సిలిండర్లది. అదే ఏడాది మే నెల 4న మాంచెస్టర్ మిడ్‌ల్యాండ్ హోటల్ల చార్లెస్ రోల్స్‌ను కలిసిండు. రోల్స్ జమీందారు ఇంటి పిల్లగాడు, లండన్ల కార్లు అమ్ముతుండె. ఒకాయన చేసేటోడు, ఇంకొకాయన అమ్మేటోడు. ఆ రోల్స్ పాపం ఎక్కువ దినాలు బతకలే, 1910ల విమానం కూలి చచ్చిపోయిండు. అప్పటికి ముప్పై మూడు కూడ దాటలే.

ఇగ అసలు ఇంజను కాడికి వస్త.

అప్పట్ల ఆరు సిలిండర్ల ఇంజనంటె మిస్త్రీలకు గుబులు. నాలుగు సిలిండర్లదాని కంటె సాఫీగ తిరుగుతదని తెల్సు. గని ఆరు సిలిండర్లు వరుసకు పెడితె కింద క్రాంకు షాఫ్టు మస్తు పొడుగైతది. పేలుడు ఒకపారి ఈ కొసకు తగుల్తది, ఇంకొకపారి ఆ కొసకు తగుల్తది. అప్పుడు షాఫ్టు తడిబట్ట పిండినట్టు మెలిపడి మల్ల ఇప్పుకుంటది. ఒక వేగం కాడ ఆ మెలికె, ఇంజను తిరుగుడు రెండు జత కలిసినయనుకో, ఉక్కు ఫట్టున ఇరుగుతది. రాయిస్ ముందుగాల చేసిన 30 హార్స్ పవర్ కార్ల అదే అయింది, క్రాంకులు ఇరిగినయి.

ఇంకొకడైతె ఆరు సిలిండర్లకు దండం పెట్టి నాలుగుకు పోతుండె. రాయిస్ పోలే. ఎక్కడ ఇరిగిందో ఆడనే కూసున్నడు. మూడు మూడు సిలిండర్లు కలిపి రెండు దిమ్మెలుగ పోతపోయించిండు. క్రాంకును మస్తు దొడ్డుగ చేసిండు. దాని మొదటి సగం, రెండో సగం అద్దంల జూసినట్టు ఎదురెదురు ఉండేటట్టు మలిచిండు, అంటె ఒకదాని ఊపును ఇంకొకటి కొట్టేస్తది. దాన్ని ఏడు బేరింగుల మీద కూసోబెట్టిండు. క్రాంకు నడుమ బెజ్జం తొలిచి, పంపుతోని ఒత్తిడి పెట్టి నూనెను ఒక్కొక్క బేరింగుకు పంపిండు. చుక్క చుక్క నూనె కారంగ బండి నడిచేటి కాలమది. అటెన్క క్రాంకు ముంగటి కొసకు చిన్న ఫ్లైవీలు ఒకటి తగిలిచ్చిండ్రు. అది గట్టిగ బిగించి ఉండది, రాపిడి మీద జర జారుతది. ఆ జారుట్లనే వణుకంత తినేస్తది. ఇప్పటి కార్ల క్రాంకు పుల్లీల రబ్బరు ఉంటది జూసిండ్రా? అది చేసే పని గిదే.

మొదటి ఇంజను 7,036 సీసీ. సిలిండరు బోరు నాలుగున్నర అంగుళాలు, స్ట్రోకు కూడ నాలుగున్నర అంగుళాలే. 1910 అప్పట్ల స్ట్రోకు ఇంకో పావంగుళం పెంచితె 7,428 సీసీ అయింది. గంత పెద్ద ఇంజనుకు బలమెంత? మొదట్ల యాభై హార్స్ పవర్ కూడ నిండలే. నిమిషానికి 1,250 చుట్ల కాడనే ఆ బలం వచ్చేది. ఇయ్యాల మీ మోటర్ సైకిలు కూడ అంతకంటె ఐదారింతలు ఎక్కువ తిరుగుతది. మెల్లగ తిరుగుతది, నింపాదిగ గుంజుతది. గా నింపాదిలనే దాని ఆయుష్షున్నది.

సిలిండరుకు రెండు ప్లగ్గులు. ఒకటి మ్యాగ్నెటో మీద, ఇంకొకటి బ్యాటరీ కాయిలు మీద. ఒకటి చెడిపోతె రెండోది నడిపిస్తది. దీంతోని ఒక చిత్రం అయ్యేది. అప్పట్ల సెల్ఫ్ స్టార్టరు లేదు, అది 1919ల వచ్చింది. ముంగట హ్యాండిలు పెట్టి తిప్పుడే. గని ఇంజను వేడి మీద ఆపి జర సేపైనంక, ఏదో ఒక సిలిండర్ల మిగిలిన పెట్రోలు గ్యాసు ఉంటది గద, డ్రైవరు దిగకుండనే స్విచ్చేసి స్టీరింగు మీది పుల్ల జరుపుతుండె. నిప్పురవ్వ పడుతుండె, ఇంజను లేస్తుండె. చూసేటోళ్లకు కండ్లు తిరిగేవి. రింగులు, వాల్వులు గట్టిగ పట్టుకొని ఉంటెనే గట్ల లేస్తది. ఒక్క వాల్వు లీకున్నా లెవ్వది.

చప్పుడు సంగతా? రేడియేటరు మూత మీద నాణెం నిలువుగ నిలబెట్టి ఇంజను నడిపించి చూపిస్తుండిరి. నాణెం పడకపోతుండె.

1907ల కంపెనీ మేనేజరు క్లాడ్ జాన్సన్ ఒక కారుకు వెండి రంగు ఏయించి, సామాన్లకు వెండి మలాము పెట్టించిండు. దాని నంబరు ఏఎక్స్ 201. దాని బాడీ కట్టింది కూడ మన నిజాం కారుకు కట్టిన బార్కరోళ్లే. రాయల్ ఆటోమొబైల్ క్లబ్బోళ్లను ముంగట కూసోబెట్టి, లండన్ నుంచి గ్లాస్గోకు, గ్లాస్గో నుంచి లండన్‌కు తోలిందే తోలుడు. ఆదివారాలు ఇడిస్తె రాత్రీ పగలూ. ఒకపారి రోడ్డు కుదుపుకు పెట్రోలు ట్యాపు దానంతటదే మూసుకపోయి బండి ఆగింది. అటెన్క 14,371 మైళ్లు తనంత తాను ఆగలే. ఆ రోడ్లు ఇప్పటి రోడ్లు కావు బిడ్డా, కంకర, దుమ్ము.

మొత్తం 15,000 మైళ్లయినంక క్లబ్బోళ్లు ఇంజను విప్పి, ఒక్కొక్క సామాను కొలిచి, అరిగినయన్ని కొత్తయి ఏస్తె ఖర్చెంతో లెక్క కట్టిండ్రు. 2 పౌండ్ల 2 షిల్లింగుల 7 పెన్నీలు. ఎన్నో ఇంజన్లు విప్పిన చేతులు నావి, ఈ లెక్క చదివిన్నాడు నాకు నిద్ర పట్టలే. అంత దూరం తిరిగిన ఇంజనును తెరిస్తె ఏమేమి బయటపడాలో నాకు తెల్సు.

మన దిక్కు కూడ ఆ ఇంజను తొందరగనే వచ్చింది. మూసీ పొంగి హైదరాబాదును ముంచిన ఏడాదే, 1908ల, బొంబాయి కొల్హాపూర్ల నడుమ కార్ల పరీక్ష పెట్టిండ్రు. 620 మైళ్లు, పడమటి కనుమలు ఎక్కుడు దిగుడు. పెర్ల్ ఆఫ్ ది ఈస్ట్ అని పేరు పెట్టిన ఒక సిల్వర్ ఘోస్టు దాన్ని గెలిచింది. ఆ కారును గ్వాలియర్ మహారాజు కొనుక్కున్నడు. ఆ ఎన్క రాజులు, నవాబులు ఒకరిని జూసి ఒకరు ఆర్డర్లిచ్చిండ్రు. మన మహబూబ్ పాషా ఆర్డరు మూడేండ్లయినంక.

1912ల ఒక దెబ్బ కూడ తగిలింది దానికి. ఆస్ట్రియా దేశంల ఆల్ప్స్ కొండల పోటీల జేమ్స్ రాడ్లీ అనే ఆయన కారు కాట్ష్‌బర్గ్ కనుమ ఎక్కలేక ఆగిపోయింది. అప్పటికి దానికి మూడే గేర్లు, కింది గేరు ఆ నిట్టకు సాలలే. మల్ల ఏడాదికి కంపెనీ నాలుగు గేర్లు పెట్టి, రేడియేటరు పెంచి, కార్లు తీస్కపోయి అదే కొండల మీద అందరినీ ఎన్కకేసింది.

ఇన్నరు గద, బేరింగులు బేరింగులు అంటున్న. అవి ఇప్పటి బజార్ల డబ్బాల దొరికేటియి కావు. మా షెడ్డుల యుద్ధానికి ముందటి ఇంగ్లీషు బండ్లు వస్తుండె, వాటియి గూడ గసోంటియే, వైట్ మెటలువి. మా ఉస్తాద్ పోస్తుంటె పక్కన కూసోని జూసేటోణ్ని. పాత మెటలంత కరిగించి దులిపి, షెల్లును తళతళ కడిగి, లోపల తగరం పూత పట్టిస్తుండె. నడుమ ఉక్కు కడ్డీ నిలబెట్టి, దానికి మసి పట్టిస్తుండె, అతకకుండ. ఇనుప గిన్నెల వైట్ మెటలు కాగుతుంటె ఎండు పుల్ల ముంచి తీస్తుండె. పుల్ల గోధుమరంగుకు మాడితె సరైన వేడి. భగ్గుమని అంటుకుంటె ఎక్కువైనట్టు, జర ఆగాలె. పోసేటప్పుడు ఒక్కటే ధార. నడుమ చెయ్యి ఆగిందా, పొర పడుతది, ఆ పొర కాడనే రేపు పగుల్తది.

చల్లారినంక బోరు చేస్తరు. అప్పుడు క్రాంకుకు నీలిరంగు సన్నగ రాసి, బేరింగుల కూసోబెట్టి ఒక్క చుట్టు తిప్పి ఎత్తుతరు. నీలి మచ్చ పడ్డ కాడ ఎత్తున్నట్టు. దాన్ని స్క్రేపరుతోని గోకాలె, మల్ల రాయాలె, మల్ల తిప్పాలె. మచ్చలు అంతట సమానంగ పడేదాక. ఒక పెద్ద బేరింగు కాడనే పొద్దు గూకుతుండె. సిల్వర్ ఘోస్టుల గసోంటియి కింద ఏడు, అటెన్క కనెక్టింగ్ రాడ్లయి ఆరు. పదమూడు కాడ అంత పని. వాటిని ఇయ్యాలటికి కూడ గట్లనే పోస్తరు, గట్లనే గోకుతరు.

ఆ ఇంజనుకు ఇంకో తిప్పలున్నది. దాని హెడ్డు ఊడి రాదు. సిలిండర్లు, హెడ్డు అన్ని ఒక్కటే పోత. వాల్వులు పక్కకుంటయి, వాటి మీద మరలు తిప్పే మూతలుంటయి, ఆ మూతలు ఇప్పి అండ్ల నుంచే వాల్వులు తియ్యాలె. చుట్టు నీళ్ల జాకెట్టు. నూరేండ్ల నీళ్లకు లోపల తుప్పు పట్టి, ఆ పోత పల్చబడి పగుల్తది. ఒక్క పగులు పడ్డా మూడు సిలిండర్ల దిమ్మె మొత్తం ఖరాబే. ముందుగాల లోహం కుట్లు ఏసి అతికేటోళ్లు. ఇప్పుడు ఇంగ్లండుల గసోంటి పనోళ్లు పాత దిమ్మెను కొలిచి, అచ్చు చేసి, కొత్తగ పోత పోస్తున్నరు. కొత్త పోత ఏస్తె పాత ఇంజనెట్లయితదని గులిగేటోళ్లు ఉన్నరు. నేనైతె గట్ల అనుకోను. క్రాంకు పాతదున్నది, క్రాంకు కేసు పాతదున్నది, లెక్క రాయిస్ కట్టిన లెక్కనే ఉన్నది. గోడ కూలితె గోడ కట్టుకోమా?

అన్ని ఇంజన్లకు గా అదృష్టం లేదు. ఇదే కంపెనీ 1905ల వీ ఎయిట్ ఇంజను చేసింది, ఎనిమిది సిలిండర్లది. అప్పట్ల ఇంగ్లండుల గంటకు 20 మైళ్లు దాటొద్దని కానూను. ఆ కారు 20 దాటకుండ గవర్నరు పెట్టిండ్రు. చేసినయి మూడంటె మూడే. ఒక్కటన్న మిగల్లేదు. అది ఎట్ల మోగేదో ఇప్పుడు ఎవ్వరం చెప్పలేం. నాకు దాని మీదనే రంధి.

సిల్వర్ ఘోస్టులు మాత్రం 1925, 26 దాక చేసిండ్రు. ఇంగ్లండుల, అమెరికాల స్ప్రింగ్‌ఫీల్డుల కలిపి 7,800 పైన. గా ఏఎక్స్ 201 ఉన్నది గద, వెండి రంగుది, దాన్ని 1908లనే ఒకాయనకు అమ్మిండ్రు. ఆయన నలభై ఏండ్లు తిప్పిండు. 1948ల మల్ల కంపెనీ చేతికొచ్చింది. అటెన్క బాగుచేయించిండ్రు. ఇప్పటిదాక ఐదు లక్షల మైళ్లు దాటిందంటరు, ఇంకా నడుస్తది.

ఇంకొకటి ఐర్లండుల ఉన్నది. పెద్ద లడాయిల ఈ ఛాసిస్ మీద ఉక్కు రేకులు కట్టి, మీద మరతుపాకి పెట్టి ఫౌజు బండ్లు చేసిండ్రు. అరబ్బు ఎడార్ల ఇంగ్లీషు ఫౌజు అఫ్సరు లారెన్సు తిరిగింది గసోంటి బండ్లనే. టన్నుల బరువు ఉక్కు మీదేసినా, ఇసుకల తోలినా ఆ ఇంజన్లు గుంజినయి. ఐర్లండు బండి పేరు శ్లీవ్ నమన్. 1922 ఆగస్టు 22న మైకేల్ కాలిన్స్ అనే పెద్ద నాయకుడిని దారికాసి కాల్చి చంపిన్నాడు అది ఆయన ఎన్కనే ఉండె. వాళ్ల ఫౌజోళ్లు దాన్ని పారెయ్యలే. 2011ల పూర్తిగ ఇప్పి బాగుచేసిండ్రు. ఇప్పుడు సొంత ఇంజను మీద నడుచుకుంట వస్తది. రష్యాల లెనిన్ తిరిగిన సిల్వర్ ఘోస్టు గూడ ఉన్నది, ఎన్క చక్రాలకు బదులు పట్టాలు, ముంగట మంచు మీద జారే పలకలు.

"మరి మన కారు ఎంత దూరం నడిచింది తాతా?" అంటున్నవా బిడ్డా? గది చెప్పనీకె నాకు మనసొప్పది. మీటరు మీద 350 మైళ్ల చిల్లర అని చెప్తరు. హైదరాబాదు నుంచి విజయవాడ పోయి మల్ల వస్తె గంతే. దర్బారుకు, ఊరేగింపుకు, పెద్ద దినాలకు తీసేటోళ్లు, మల్ల పెట్టేటోళ్లు. ఏండ్లకేండ్లు నిలబడే ఉన్నది. ప్యాలెసును బాగు చేయించినప్పుడు దాన్ని గూడ చక్కదిద్ది జనం జూసేటట్టు పెట్టిండ్రు, ఆ పని చేయించినోళ్లకు దండం పెడ్త. లేకపోతె అదీ తుక్కు సామానుల పోతుండె. గని తిరగాల్సిన ఇంజను అది. 1913 పోటీకి నూరేండ్లయినయని 2013ల పాత సిల్వర్ ఘోస్టులు కట్టగట్టుకొని మల్ల అదే ఆల్ప్స్ కొండలు ఎక్కినయి. మనది అద్దాల ఎన్క ఉన్నది.

స్టార్టు చెయ్యొచ్చునా అంటె, ఏండ్లు నిలబడ్డ ఏ ఇంజననైనా లేపే పద్ధతి ఒకటే. మొట్టమొదట హ్యాండిలు ముట్టొద్దు. ప్లగ్గులు ఇప్పి, ఒక్కొక్క సిలిండర్ల నాలుగు చుక్కలు సన్న నూనె పోసి రెండు మూడు దినాలు ఇడిసిపెట్టాలె. రింగులు గోడకు పట్టుకొని ఉంటయి, అవి నానాలె. పాత నూనె తీసి చాంబరు ఇప్పి కడగాలె, అడుగున బురద పేరి ఉంటది. నూనె దార్లల్ల గాలి కొట్టాలె. పెట్రోలు ట్యాంకు కడగాలె. జాకెట్టుల నీళ్లు పోసి ఎక్కడన్న చెమ్మ కారుతుందా అని ఒక పూట కనిపెట్టుకొని ఉండాలె. కారిందా, ఆడనే ఆపాలె. ఇవన్ని అయినంక ప్లగ్గులు లేకుండనే చేతితోని మెల్లగ ఒక్క చుట్టు తిప్పాలె. ఎక్కడన్న పట్టినట్టు అనిపిస్తె బలం పెట్టొద్దు, ఎన్కకు తిప్పి జూడాలె. గంత ఓపిక ఉంటెనే దాని మీద చెయ్యెయ్యాలె.

మన షెడ్డుల ఎన్కటి అంబాసడర్ ఇంజను దిమ్మె ఉన్నది, ఎన్ని ఏండ్ల సందో తిరగలే. పొద్దుగాల రాండ్రి, ప్లగ్గు పానా తెచ్చుకోండ్రి. నూనె చుక్కలు మీరే పొయ్యాలె.